గుడిసెకు 8 వేలు, బర్రెకు 37 వేల 500: విపత్తు పైసల చరిత్ర



పోయిన వారం వెట్టి మీద రాసిన భాగం చదివి ఒక డిగ్రీ విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "సార్, మొన్న వానలకు మా వాడల మూడిండ్లు కూలినయ్. సార్లు వచ్చి రాసుకపోయిండ్రు. పైసలు మాత్రం రాలే. అడిగితే రూల్ లేదంటుండ్రు. ఆ రూల్ యాడుంటది సార్?"

ఫలానా ఉత్తర్వు చూడు తమ్ముడూ అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ఉత్తర్వు రాత్రికి రాత్రి పుట్టింది కాదు. దాని వెనుక నూట నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన తాతలు తట్ట మోసినవాళ్లుగా కనిపిస్తారు, చచ్చినవాళ్లుగా కనిపిస్తారు. హక్కుదారులుగా మాత్రం చాలా అరుదుగా కనిపిస్తారు. ఎందుకు?

నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాదు. తెలుగు చెప్పుకొని బతికేవాణ్ణి. పద్యానికి ప్రతిపదార్థం చెప్పడం నా పని. ఈ వారం విపత్తు నిధుల రూల్స్‌కు ప్రతిపదార్థం చెప్పుకుందాం. కొంచెం పొడుగే. ఓపికగా చదవండి.

1. గ్రాంటు లేని రోజుల్లో సన్నద్ధత ఎవరి నెత్తిన ఉండేది?

"విపత్తు సన్నద్ధత" అనేది ఇప్పటి ఆఫీసు మాట. కానీ పని పాతదే. మన పాలమూరు, నల్లగొండ ఊళ్లలో విపత్తు అంటే రెండే: చెరువు నిండకపోవడం, చెరువు తెగిపోవడం.

చెరువు తెగేటట్టుంటే ముందుగా తెలిసేది ఎవరికి? నీరటికి. తూము తీసేది, మూసేది, కట్ట మీద రాత్రి కాపలా పడుకునేది అతనే. చాలా ఊళ్లలో నీరటి మన వాడ మనిషి. ఊరికి కబురు చేరేది ఎట్లా? డప్పు చాటింపుతో. ఆ డప్పు మాదిగవాడది. పై అధికారికి కబురు మోసుకుపోయేది శేత్‌సింధి. గండి పడితే మట్టి మూటలు మోసేది వెట్టివాళ్లు.

అంటే ముందస్తు హెచ్చరిక, కబురు, రక్షణ పని అన్నీ ఊళ్లో ఉన్నాయి. ఒక్కదానికీ సర్కారు గ్రాంటు లేదు. కొందరికి ఇంత మాన్యం, పంట కల్లంలో ఇంత మేర. మిగిలినవాళ్లకు అదీ లేదు. కట్ట నిలబడితే పంట భూమి ఉన్నవాడిది. కట్ట తెగితే ముందు మునిగేది, ఊరి చివర పల్లంలో ఉన్న చాలా వాడల్లాగే, మన వాడ.

ఈ వ్యవస్థ తర్వాత రూపం మార్చుకుంది. శేత్‌సింధి గ్రామ సేవకుడయ్యాడు, తర్వాత వీఆర్ఏ అయ్యాడు. తెలంగాణలో 2020లో వీఆర్వోల వ్యవస్థను రద్దు చేశారు. 2023లో వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దుబాటు చేశారు. వెట్టి నుంచి జీతానికి మారడం మంచిదే, దాని కోసం మనవాళ్లు దశాబ్దాలు కొట్లాడారు. కానీ నాకొక ప్రశ్న మిగిలింది. వాన కొట్టిన రాత్రి ఏ ఇల్లు కూలిందో తెలిసిన ఆ చివరి మనిషి పనిని తర్వాత ఎవరికి అప్పజెప్పాం? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

2. 1878: మొదటి విపత్తు నిధి, మొదటి మళ్లింపు

1876-78 కరువు దక్కన్ అంతటినీ ఊపేసింది. మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు, బొంబాయి ప్రాంతం, నిజాం రాజ్యం అన్నీ అందులో ఉన్నాయి. లక్షల మంది చచ్చిపోయారు. బ్రిటిష్ ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సహాయ పనుల్లో కూలిని కోసి, మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర అని నిర్ణయించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్య అధికారి కార్నిష్ ఎదురు తిరిగాడు. చరిత్ర పుస్తకాల్లో దానికి "టెంపుల్ కూలి" అనే పేరు నిలబడిపోయింది.

ఆ కాలపు ఆలోచనను ఒక్క మాటలో చెప్పాలంటే, ఆకలితో వచ్చినవాణ్ణి ముందు అనుమానించాలి. నిజంగా ఆకలి ఉన్నవాడైతే దూరం నడిచి వస్తాడు, తక్కువ కూలికి రాళ్లు కొడతాడు, లేకపోతే లేదు. దీనికే "పరీక్ష" అని పేరు పెట్టారు. సాయం అడిగినవాడు తన ఆకలిని రుజువు చేసుకోవాలి.

ఈ కరువు తర్వాత 1878లో ఆర్థిక సభ్యుడు జాన్ స్ట్రాచీ కొత్త పన్నులు వేసి, ఏటా కోటిన్నర రూపాయలు కరువు కోసం పక్కన పెడతామని ప్రకటించాడు. దాన్ని "కరువు బీమా" నిధి అన్నారు. మన దేశంలో విపత్తు రాకముందే డబ్బు పక్కన పెట్టాలన్న మొదటి పెద్ద ఏర్పాటు ఇదే అనుకోవచ్చు. ఆ ఏడాది చివర్లోనే రెండో ఆఫ్ఘన్ యుద్ధం వచ్చింది. కరువు పేరుతో వసూలైన సొమ్ము యుద్ధం ఖర్చులోకి పోయింది. దాదాభాయి నౌరోజీ తరం నాయకులు దీన్ని ఏళ్ల తరబడి ఎత్తిచూపారు. తర్వాత రూల్ మార్చి ఆ నిధిని రైళ్లకు, కాలువలకు, అప్పు తగ్గించుకోవడానికి కూడా వాడుకోవచ్చన్నారు.

1880 కరువు కమిషన్, 1883 కరువు నియమావళి ఆ తర్వాత వచ్చాయి. నియమావళితో మేలు జరగలేదని నేననను. ఎప్పుడు పనులు తెరవాలి, ఎవరికి పని, ఎవరికి పని లేకుండానే తిండి అన్నది మొదటిసారి కాగితం మీదికి వచ్చింది. కానీ అదే కాగితంలో రెండు అలవాట్లు కూడా వచ్చి కూర్చున్నాయి. ఒకటి, బాధితుడు రుజువు చూపాలి. రెండు, డబ్బు విపత్తు వచ్చిన తర్వాతే కదలాలి.

నిజాం రాజ్యం బ్రిటిష్ ఖజానాకు బయట ఉంది. అయినా ఆలోచన ఇక్కడికీ వచ్చింది. 1920ల మొదట్లో ఆర్థిక శాఖ చూసిన అక్బర్ హైదరీ బడ్జెట్‌ను శాఖల వారీగా కట్టుదిట్టం చేసి, కరువు కోసం విడిగా నిల్వ నిధి పెట్టాడు. ఖజానాలో కరువు నిధి ఉంది. ఊళ్లో వెట్టి ఉంది. రెండూ ఒకే రాజ్యంలో పక్కపక్కనే ఉన్నాయి.

3. బాబాసాహెబ్ మొదట చదివింది గ్రాంట్ల లెక్కలే

విద్యార్థి మిత్రులు ఈ భాగం ప్రత్యేకంగా చదవాలి. మనం అంబేద్కర్‌ను రాజ్యాంగంతో, కుల నిర్మూలనతో గుర్తు చేసుకుంటాం. కానీ కొలంబియా విశ్వవిద్యాలయం డాక్టరేటు కోసం ఆయన రాసిన, 1925లో లండన్‌లో పుస్తకంగా వచ్చిన పరిశోధన దేని మీద? బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య డబ్బు పంపకం మీద. పైనున్న సర్కారు కిందున్న సర్కారుకు ఏ షరతులతో డబ్బు ఇచ్చింది, ఆ షరతులు కింద ఖర్చును ఎట్లా మలిచాయి అన్నది అందులోని విషయం.

అంటరాని కులంలో పుట్టిన యువకుడు గ్రాంట్ల లెక్కలు ఎందుకు పట్టుకున్నాడు? నాకు అర్థమైనంతలో, పైసల రూల్స్‌ను చదవడం కూడా అధికారాన్ని చదవడమే. శాసనసభలో చేసిన చట్టం గొంతెత్తి మాట్లాడుతుంది. ఖర్చు రూల్ గొణుగుతుంది. ఆ గొణుగుడు వినగలిగినవాడికే బడ్జెట్ అర్థమవుతుంది. మనవాళ్లు 2012లో, 2013లో ఉప ప్రణాళిక చట్టం కోసం కొట్లాడింది ఆ చెవితోనే. దళితుల వాటా దళితులకే ఖర్చు కావాలి, మళ్లించరాదు అని రూల్ రాయించుకున్నాం. విపత్తు నిధి విషయంలో ఆ చెవి ఇంకా పెట్టలేదు.

4. 1990 నుంచి నేటిదాకా

స్వాతంత్ర్యం వచ్చాక రెండో ఆర్థిక సంఘం కాలం నుంచి రాష్ట్రాలకు విపత్తు ఖర్చు కోసం కొంత సొమ్ము లెక్కగట్టి చూపించేవారు. 9వ ఆర్థిక సంఘం చెప్పిన ప్రకారం 1990 నుంచి ప్రతి రాష్ట్రానికీ విపత్తు సహాయ నిధి వచ్చింది. అన్ని రాష్ట్రాలకూ కలిపి ఏటా 804 కోట్లు. మూడొంతులు కేంద్రం, ఒక వంతు రాష్ట్రం. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2010లో పాత నిధి రాష్ట్ర విపత్తు స్పందన నిధిగా పేరు మార్చుకుంది.

పేరులోనే ఉంది చూడండి: స్పందన. అంటే జరిగాక స్పందించడం. అప్పటి మార్గదర్శకాల ప్రకారం సన్నద్ధతకు, పునర్నిర్మాణానికి, నష్టం తగ్గించే పనులకు ఈ నిధి వాడరాదు. రక్షణ పరికరాలు కొనడానికి, శిక్షణకు చిన్న చిన్న వాటాలు మాత్రం ఉండేవి. ఇల్లు కూలాక డబ్బు ఉంది. ఇల్లు కూలకుండా కాలువ తవ్వడానికి ఈ నిధిలో డబ్బు లేదు.

చట్టంలోని 47, 48 సెక్షన్లు నష్టం తగ్గించేందుకు విడిగా నిధులు పెట్టమన్నాయి. 2005లో రాసిన ఆ మాట పదేళ్లు దాటినా అమలు కాలేదు. 2015 కరువులో తెలంగాణ 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. అదే కరువు మీద స్వరాజ్ అభియాన్ సుప్రీంకోర్టుకు పోయింది. 2016 మే నెలలో కోర్టు, కరువును చూసి రాష్ట్రాలు తల ఇసుకలో దూర్చుకుంటున్నాయని మందలించి, ఆ నిధిని మూడు నెలల్లో పెట్టమని కేంద్రాన్ని ఆదేశించింది. జాతీయ స్థాయిలో ఆ నిధి ఏర్పడింది 2021లో. చట్టానికీ నిధికీ మధ్య పదహారేళ్లు. ఆ పదహారేళ్లలో పాలమూరు ఎన్ని కరువులు చూసిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి లెక్క మార్చింది. రాష్ట్రాలకు ఐదేళ్లకు మొత్తం 1,60,153 కోట్లు. అందులో స్పందన, సహాయానికి 40 శాతం, కోలుకోవడానికి, తిరిగి కట్టుకోవడానికి 30 శాతం, సన్నద్ధతకు 10 శాతం, నష్టం తగ్గించే పనులకు 20 శాతం. అంటే విపత్తు రాకముందే ఖర్చు పెట్టగలిగిన వాటా 30 శాతం. చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు. ఈ 30 శాతం గురించి మన సంఘాల సమావేశాల్లో ఒక్కసారైనా మాట్లాడుకున్నామా? నేను కూడా మాట్లాడలేదు. ఆ విద్యార్థి అడిగేదాకా.

5. ప్రతిపదార్థం

ఇప్పుడు అసలు రూల్స్. 2022-26 కాలానికి కేంద్ర హోంశాఖ ఇచ్చిన సహాయ ప్రమాణాలు ఇవి.

మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000. అయితే ఆ ఇల్లు అధికారులు ధ్రువీకరించిన అధీకృత నిర్మాణం అయి ఉండాలి. గుడిసె పోతే 8,000. పాడి ఆవు, బర్రె చనిపోతే 37,500. మేక, గొర్రె, పంది అయితే 4,000. పశువుల కొట్టం పోతే 3,000. మనిషి చనిపోతే 4 లక్షలు.

పంట 33 శాతం, అంతకు మించి పోతే వర్షాధార భూమికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న భూమికి 17,000. రెండు హెక్టార్ల వరకే.

బర్రె పోయిన ఇంటి మీద నాకు కోపం లేదు. బర్రె పోతే ఆ ఇల్లు ఎట్లా కుంగిపోతుందో మా ఇంట్లోనే చూశాను. 37,500 దానికి తక్కువే. నా ప్రశ్న 8,000 గురించి. ఈ పట్టికను కులం లెక్కన చదవండి. ఎక్కడా కులం పేరు ఉండదు. కానీ గుడిసె ఎవరిది? అధీకృతం కాని ఇల్లు ఎవరిది? ప్రభుత్వ భూమిలో, కుంట శిఖంలో, వాగు ఒడ్డున, తాత కాలం నుంచి ఉన్నా కాగితం లేని జాగాలో ఇల్లు కట్టుకున్నది ఎవరు? రూల్ కులాన్ని చూడదు. కాగితాన్ని చూస్తుంది. కాగితం ఎవరి దగ్గర ఉందో కులం ముందే తేల్చేసింది.

పంట సంగతి. పట్టా ఉన్న రైతుకు పంట నష్టం. కార్డు లేని కౌలుదారుడు కాగితంలో రైతు కాడు. ఇక అదే చేనులో పత్తి ఏరే మా చిన్నమ్మ? చేను మునిగితే ఆమె రెండు నెలల కూలి మునుగుతుంది. హెక్టారు లెక్కలో ఆమె లేదు.

కూలి మనిషి కోసం ఈ ప్రమాణాల్లో ఒక గడి ఉంది, న్యాయంగా అదీ చెప్పాలి. జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు ఉచిత సాయం. 2015 ప్రమాణాల్లో అది పెద్దవాళ్లకు రోజుకు 60 రూపాయలు, పిల్లలకు 45. అయితే ఆ కుటుంబాలను గుర్తించి ధ్రువీకరించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. పంట నష్టం కోసం ధర్నాలు చూశాను, నేనూ కూర్చున్నాను. ఈ గడి కింద మా వాడ పేర్లు రాయండి అని అడిగిన ధర్నా నేను చూడలేదు. రూల్‌లో ఉన్నదాన్ని కూడా మనం అడగలేదు.

చనిపోయినవాళ్లకు ఇచ్చే సొమ్మును "ఎక్స్‌గ్రేషియా" అంటారు. లాటిన్ నుంచి వచ్చిన మాట. అర్థం "దయతో". హక్కుగా కాదు, దయతో. నూట నలభై ఏళ్ల కిందటి కరువు శిబిరం ఈ ఒక్క మాటలో ఇంకా నిలబడి ఉంది.

6. 2009 అక్టోబర్

అప్పుడు నేను విద్యార్థిని. 2009 అక్టోబర్ మొదటి వారంలో తుంగభద్ర, కృష్ణ ఒక్కసారి పొంగాయి. కర్నూలు పట్టణం మునిగింది. ఇటు మన పాలమూరు జిల్లాలో అలంపూర్ మునిగింది, చేనేత గ్రామం రాజోలి తుడిచిపెట్టుకుపోయింది. ప్రతి ఏడూ కరువు జిల్లా అని చదువుకున్న మేము వరద మూటలు కట్టుకొని పోయాం. హాస్టల్ నుంచి బియ్యం, పాత చీరలు, కొవ్వొత్తులు పట్టుకుపోయాం.

ఒక ఊరి పేరు రాయను. నది దిక్కున వాడ, మిట్ట మీద ఊరు. నీళ్లు తీసిన తర్వాత వాడలో గోడలు లేవు, గడపలు మాత్రం ఉన్నాయి. రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి మంచివాడే, కోపిష్ఠి కాదు. ఒక్కో గడప ముందర నిలబడి ఒకే ప్రశ్న అడిగాడు: "ఇంటి కాగితం ఉన్నదా?" ఒక ముసలమ్మ చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది. "ఇల్లే పోతే కాయితం యాడుంటది కొడుకా?" ఆయన తల వంచుకొని, ఏదో రాసుకొని, పక్క గడప దగ్గరికి పోయాడు. ఆమె పేరు జాబితాలో గుడిసె కింద వచ్చింది. ఆమెది రెండు అర్రల మట్టి మిద్దె.

మట్టి మిద్దె గుడిసెగా మారడానికి ఒక్క అక్షరం చాలు. ఆ అక్షరం ఎవరు రాస్తారు, ఎవరి ముందర రాస్తారు అన్నదే గ్రామంలో విపత్తు రాజకీయం.

7. ఏది విపత్తు, ఏది కాదు

ప్రమాణాల్లో డబ్బు ఎంత అన్నదానికంటే ముందు ఇంకొక రూల్ ఉంది: దేన్ని విపత్తు అంటారు అన్నది. తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు, చీడపీడలు, చలిగాలులు వగైరా కేంద్రం జాబితాలో ఉన్నాయి. వడగాలి అందులో లేదు.

2015 మే నెల గుర్తుందా? రెండు తెలుగు రాష్ట్రాల్లో వేల మంది ఎండదెబ్బతో చనిపోయారు. తెలంగాణలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో నల్లగొండ ఒకటి. మిట్ట మధ్యాహ్నం ఎండలో ఉండేది ఎవరు? ఉపాధి పని, ఇటుక బట్టీ, రోడ్డు పని, గొర్ల వెంట పోయేవాళ్లు. రాష్ట్రాలు కావాలంటే తమ నిధిలో 10 శాతం వరకు తమ ప్రాంతపు విపత్తులకు వాడుకోవచ్చని కేంద్రం రూల్ సడలించింది. తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మరణానికి 4 లక్షలు అన్నది 2025 ఏప్రిల్‌లో. అంతకుముందు 50 వేలు. ఇది మంచి అడుగు, ఒప్పుకోవాలి. కానీ అది వడదెబ్బ మరణమే అని తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై తేల్చాలి. చేనులో పడిపోయిన కూలిని ఇంటికి తెచ్చి, సాయంత్రానికి మట్టి చేసే వాడలో పోస్టుమార్టం రిపోర్టు ఎక్కడి నుంచి వస్తుంది? మళ్లీ కాగితమే.

ఇక ఫ్లోరైడ్. నల్లగొండ పేరు ప్రపంచ నీటి శాస్త్రంలో ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారు చేస్తే దానికి "నల్లగొండ టెక్నిక్" అని పేరు వచ్చింది. ఎముకలు వంగిపోయిన తరాలు ఉన్నాయి మనకు. అది నెమ్మదిగా వచ్చిన విపత్తు, కాబట్టి జాబితాలో విపత్తు కాదు. కరువు మాత్రం విపత్తు. కరువు వస్తే తాగునీటికి అత్యవసరంగా ఖర్చు పెట్టొచ్చు. ఆ ఖర్చుతో ఏం చేస్తారు? బోరు ఇంకా లోతుకు దించుతారు. ఫ్లోరైడ్ ప్రాంతంలో లోతు బోరు అంటే చాలా చోట్ల ఎక్కువ ఫ్లోరైడ్. గుర్తించిన విపత్తు కోసం పెట్టిన డబ్బు గుర్తించని విపత్తును పెంచింది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు పోయి చూసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

ఇంకొకటి చెప్పి ఈ భాగం ముగిస్తాను. 2020 మార్చి 14న కరోనాను విపత్తుగా పరిగణిస్తూ కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. అందులో మరణానికి 4 లక్షలు అని ఉంది. అదే రోజు ఆ ఉత్తర్వును సవరించి ఆ వాక్యం తీసేశారు. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాక, సెప్టెంబర్‌లో 50 వేలు అని ఖాయమైంది. బొంబాయి నుంచి నడిచివచ్చిన పాలమూరు కూలీలు ఇంకా రోడ్ల మీదికి రాకముందే, ఢిల్లీలో ఒక వాక్యం పుట్టి ఆ రోజే చచ్చిపోయింది. రూల్ అంటే రాతి శాసనం కాదు. రాసే చేయి ఉంటుంది, కొట్టేసే చేయి ఉంటుంది.

8. రూల్ వేరేగా కూడా రాయొచ్చు

కొట్టేయగలిగితే రాయనూ వచ్చు. మన జిల్లాలే సాక్ష్యం.

మా నాయినమ్మకు కరువు అంటే తట్ట, పార. 1972 కరువు పనుల గురించి చెప్పేది. మేస్త్రీ ఎంత కొలిస్తే అంత, ఎప్పుడిస్తే అప్పుడు. 2001-02లో పనికి ఆహార పథకం కింద రాష్ట్రానికి లక్షల టన్నుల బియ్యం వచ్చాయి. కాంట్రాక్టర్లు యంత్రాలతో పని చేయించి, కూలీల పేర్లు రాసి, బియ్యాన్ని అమ్ముకున్నారని పత్రికలు, పరిశోధకులు బయటపెట్టారు. కరువు పైసలు 1878లో యుద్ధానికి పోయాయి, 2002లో మిల్లుకు పోయాయి.

2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. మొదటి విడతలోనే మహబూబ్‌నగర్, నల్లగొండ ఉన్నాయి. అక్కడ రూల్ వేరేగా రాశారు. కాంట్రాక్టరు ఉండరాదు. కూలీల పని లాక్కునే యంత్రం ఉండరాదు. మస్టర్ ఊరి ముందర చదవాలి. ఎస్సీ, ఎస్టీల భూముల్లో పని చేయొచ్చు. సామాజిక తనిఖీ జరగాలి. ఆకలిని రుజువు చేయమని అడగలేదు, పని అడగడమే చాలన్నారు. తప్పులు జరగలేదా? జరిగాయి. కానీ దొంగతనం జరిగితే దొంగతనం అని మైకులో చెప్పే చోటు మా వాడ ఆడవాళ్లకు మొదటిసారి దొరికింది. మా అమ్మ మస్టర్ చదివే సభలో లేచి "నా పేరు మీద మూడు రోజులు ఎక్కువ రాసిండ్రు, నేను చేయలే" అని చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. చేయని పనికి తన పేరు వాడుకున్నారని అడిగింది ఆమె. ఆ రోజు నాకు రూల్ అంటే ఏమిటో అర్థమైంది.

విపత్తు చట్టంలోనూ మనకు పనికొచ్చే సెక్షన్ ఒకటుంది: 61. సహాయంలో, పరిహారంలో కులం, లింగం, మతం, వంశం పేరుతో వివక్ష చూపరాదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సహాయ శిబిరాల్లో దళితులను దూరం పెట్టిన సంగతి హక్కుల సంస్థలు నమోదు చేశాయి. మరుసటి ఏడే ఈ చట్టం వచ్చింది. కానీ 61 ఎదుటివాడు "నువ్వు దూరం జరుగు" అన్నప్పుడు పనికొస్తుంది. "కాగితం ఉన్నదా" అన్నప్పుడు పనికిరాదు. మన పని అక్కడ ఉంది.

9. ఏం చేద్దాం?

ఒకటి. చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకు విపత్తు నిర్వహణ ప్రణాళిక ఉండాలి, ఏటా సరిచూడాలి. జిల్లా సంస్థకు కలెక్టర్ అధ్యక్షుడు, జిల్లా పరిషత్ అధ్యక్షులు సహాధ్యక్షులు. పాత రెండు జిల్లాలు ఇప్పుడు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట అయ్యాయి. ప్రతి జిల్లా ప్రణాళిక సంపాదించండి. దాంట్లో ప్రమాదం ఉన్న ప్రాంతాల జాబితా ఉండాలి. మీ వాడ అందులో ఉందా చూడండి. సమాచార హక్కు దరఖాస్తుకు ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10.

రెండు. సన్నద్ధత 10 శాతం, నష్టం తగ్గించే 20 శాతం మన జిల్లాలో దేని మీద ఖర్చయిందని అడగండి. సైరన్లు, పడవలు, శిక్షణ కావాల్సిందే. వాడకు వరద కాలువ, ఎండకాలం నీడ, ఎత్తు మీద ఒక పక్కా కమ్యూనిటీ హాలు కూడా సన్నద్ధతే.

మూడు. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన సొమ్ములో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కట్టుబడి ఉంది. మీ ఊళ్లో మురికి కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది? వాడ ముందర ఆగితే గ్రామసభలో అడగండి.

నాలుగు. వానాకాలం రాకముందే మీ వాడలో ప్రతి ఇంటికీ ఫొటో తీయండి. గోడ, కప్పు, గడప, ఇంటి ముందర ఇంటివాళ్లు. తేదీతో దాచండి. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు ఫొటోలు కూడా. ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదొక్కటే. ఇల్లు పోయినా కాగితం ఉండాలి.

ఐదు. రాసుకోవడానికి వచ్చిన రోజు వాడలో చదువుకున్న ఇద్దరు వెంట ఉండండి. మట్టి మిద్దెను గుడిసె అని రాస్తే అక్కడే అడగండి. జాబితా పంచాయతీ గోడకు అంటించమనండి. కూలీ కుటుంబాల ఉచిత సాయం గడి ఉందని గుర్తు చేయండి.

ఇవి చిన్న పనులు. వీటితో రూల్ మారదు. ఇంటి స్థలాల పట్టాలు, భూమి, గుడిసెకూ ఇంటికీ ఒకటే లెక్క అన్న డిమాండ్ పెద్ద పోరాటం. 15వ ఆర్థిక సంఘం కాలం 2026తో ముగుస్తుంది, తర్వాతి ఐదేళ్లకు కొత్త ప్రమాణాలు రాస్తారు. రాసేటప్పుడు వాడ మాట కూడా వినబడాలి.

మొదట్లో ఒక ప్రశ్న అడిగాను. వాన కొట్టిన రాత్రి ఏ ఇల్లు కూలిందో తెలిసిన మనిషి పనిని ఎవరికి అప్పజెప్పాం అని. నీరటి, డప్పు కొట్టినవాడు, శేత్‌సింధి ఊరి కోసం వెట్టిగా చేసిన పని అది. అదే పని ఇప్పుడు మన వాడ కోసం మనం చేసుకోవాలి. వెట్టిగా కాదు, హక్కుతో. ఫోన్ చేతిలో ఉన్న ప్రతి విద్యార్థీ ఆ పనికి సరిపోతాడు.

మెసేజ్ పెట్టిన తమ్ముడికి: రూల్ హోంశాఖ ఉత్తర్వులో ఉంది, కూలిన మూడిండ్ల ఫొటోలు, పంచాయతీ కార్యదర్శికి ఇచ్చిన దరఖాస్తు నకలు నాకు పంపు. తహసీల్ ఆఫీసుకు నీతోపాటు నేనూ వస్తా.

వచ్చే వారం: పాలమూరు మేస్త్రీ, అడ్వాన్సు, 1979 వలస కూలీల చట్టం.

మీ ఊళ్లో వరద, కరువు, వడదెబ్బ సాయం ఎట్లా రాసుకున్నారో కింద రాయండి. పేర్లు రాయకండి, సంగతి రాయండి.

జై భీమ్.